హాజరు పట్టీ నుంచి సభావేదిక దాకా

ఏటా ఆగస్టు 31న విముక్త జాతుల దినం జరుపుకుంటున్నాం. 1952లో ఆ తేదీనే నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. ఆ రోజు సభ పెట్టి, హక్కుల మాటలతో పాటు కథలూ కవితలూ చదివిస్తుంటే కొందరు పిల్లలకు సందేహం వస్తుంది. చట్టం సంగతి చెప్పడానికి వకీలు చాలడా, కథలెందుకు అని. ఈ సందేహానికి జవాబు మన చరిత్రలోనే ఉంది.

ముందు ఆ చట్టం సంగతి చూద్దాం. అది 1871లో ఉత్తర భారతంలో పుట్టింది. 1911లో కొత్త రూపంలో మద్రాసు రాజధానికి వచ్చింది. కర్నూలు, కడప జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. అంతకు ముందు మన ఎరుకలవాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని కోస్తాకూ మెట్ట సీమకూ మధ్య తిరిగి అమ్ముకునేవాళ్లు. సుగాలీలదీ ఎద్దుల బిడారు బతుకే. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. సరుకు రైలెక్కింది. 1876-78 ధాత కరువు పశువులనూ మనుషులనూ తినేసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకూ ఆకుకూ అడ్డు పడింది. తిరిగి అమ్ముకునే పని పోయింది, తిరగడం మాత్రం మిగిలింది. పని లేకుండా తిరిగేవాడు దొంగ కాక మరేమిటన్నది దొరల తర్కం. బతుకుతెరువు తీసేసినవాళ్లే, తెరువు లేనందుకు నేరం అంటగట్టారు.

ఆ చట్టం కింద జాతి జాతినే పట్టీలోకి ఎక్కించవచ్చు. వేలిముద్రలు తీసుకునేవారు. చెప్పిన వేళకు పోలీసుల ముందు నిలబడి హాజరు పలకాలి. పొరుగూరికి పోవాలంటే పాసు కావాలి. కొందరిని సెటిల్మెంట్లలో పెట్టారు. 1913లో మొదలైన స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు. అప్పటి మన కర్నూలు జిల్లాలో ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలోనూ అలాంటి సెటిల్మెంటు ఉండేది. ఉపాధ్యాయులుగా మనం రోజూ పొద్దున హాజరు పిలుస్తాం. బడిలో హాజరు పలికిన బిడ్డకు చదువు దక్కుతుంది, మధ్యాహ్నం అన్నం దక్కుతుంది. మన ముత్తాతలు పలికిన హాజరుకు దక్కింది అనుమానం ఒక్కటే.

పాసు కంటే, వేలిముద్ర కంటే బరువైనది ఆ చట్టంలో ఇంకొకటి ఉంది. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటించాక ఆ ప్రకటన సరైందా కాదా అని ఏ కోర్టూ అడగరాదు. అంటే, ‘మేము దొంగలం కాదు’ అని చెప్పుకునే చోటే లేదు. దొంగతనం చేసి పట్టుబడినవాడికైనా విచారణ ఉంటుంది, సాక్షి ఉంటాడు. ఏమీ చేయని జాతికి అదీ లేదు. వాక్ స్వాతంత్ర్యం చదువుకున్నవాళ్ల సరదా అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. మాట్లాడే హక్కు పోతే మిగతా ఏ హక్కునూ అడగలేం.

ఆ కాలంలోనే మన జిల్లా మనిషి ఒకాయన మాట కోసం జైలుకు పోయాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో పుట్టారు. రాజమండ్రి ట్రైనింగు కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతుండగా 1907లో వందేమాతరం ఉద్యమం వచ్చింది. అందులో నిలబడినందుకు కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. తర్వాత బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపారు. 1908లో తిరునల్వేలి కాల్పుల మీద రాసిన సంపాదకీయానికి రాజద్రోహం కేసు పెట్టారు. కింది కోర్టు వేసిన శిక్షను హైకోర్టు మూడేళ్లకు పెంచింది. వేలూరు జైలులో మామూలు ఖైదీలాగా ఉంచారు. బయటికి వచ్చాక ఆయన గ్రంథాలయాల పని, వయోజన విద్య పని ఎత్తుకున్నారు. నోరు నొక్కినవాడికి పుస్తకం విలువ బాగా తెలుస్తుంది.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడండి. గాడిచర్లది పెద్ద కష్టమే, కాదనం. అయినా ఆయనకు కోర్టు ఉంది, వకీలు ఉన్నాడు, తన పేరుతో తన మాట అచ్చయింది. ఆయన రాసినందుకు శిక్ష పడింది. మన పెద్దలకు పుట్టినందుకే శిక్ష పడింది. వాళ్ల తరఫున రాసినవాళ్లు ఎవరు? 1892లో మల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని ‘నేరస్థ తరగతుల’ మీద పుస్తకం రాశాడు. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాలు, తెగల గురించి రాశాడు. మన గురించి లోకం చదివింది ఇలాంటి పుస్తకాలే. తెలుగు యక్షగానంలో ఎరుకలసాని ఉంది, నిజమే. గద్దె చెప్పి రాణుల భవిష్యత్తు విప్పింది. కానీ తన గుడిసె సంగతి చెప్పుకునే చోటు ఆ ఆటలో ఆమెకు దొరకలేదు.

ఒక సభ పేరును మార్చగలదనడానికీ మన సీమలోనే రుజువు ఉంది. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసినందుకు ఈ జిల్లాలను దత్త మండలాలు అనేవారు. ఇచ్చిపుచ్చుకున్న వస్తువుకు పెట్టినట్టు పెట్టిన పేరు అది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో పండితుడు చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు ప్రతిపాదించారు. అది నిలిచింది. సీమకు తగిలించిన పేరు సభలో రాలిపోయింది. అదే నేల మీద మన జాతులకు తగిలించిన పేరు మాత్రం ఇంకా ఇరవై ఏళ్ల దాకా చట్టంలోనే ఉంది. మన తరఫున ఆ పేరును కాదనే వేదిక మనకు అప్పటికి లేదు.

మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా పరిశీలించిన సంఘానికి మన పొరుగున తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడు. ఆ తర్వాతే 1952 రద్దు వచ్చింది. ఈలోగా 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. 19వ అధికరణంలో మాట్లాడే హక్కూ, దేశమంతా తిరిగే హక్కూ ఒకే చోట ఉన్నాయి. హాజరూ పాసూ ఎరిగిన మనకు ఈ రెండూ పక్కపక్కన ఎందుకుండాలో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. అదే ఏడాది మే నెలలో, ‘క్రాస్ రోడ్స్’ పత్రికను మద్రాసు ప్రభుత్వం నిషేధించడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడు మొదటి సవరణతో ఆ హక్కుకు కొత్త పరిమితులు వచ్చాయి. మనకూ అంతే. పాత చట్టం పోయిన మరుసటి ఏడు, 1948లో, మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. జాతి పేరు తీసేశారు, అనుమానం ఉంచుకున్నారు. చట్టం కాగితం మీద చచ్చినా మనుషుల నోళ్లలో బతికే ఉంటుంది.

నోళ్లలో బతికేదాన్ని నోటితోనే ఎదుర్కోవాలి. 1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఆదివాసి పోలీసు నిర్బంధంలో చనిపోయాడు. రచయిత్రి మహాశ్వేతాదేవి ఆ శబరుల సంఘం తరఫున కలకత్తా హైకోర్టు దాకా నడిపించారు. కోర్టు కుటుంబానికి పరిహారం ఇవ్వమంది. అదే ఏడాది గుజరాత్‌లో అహ్మదాబాదు ఛారానగర్ యువకులు ఆ కథను నాటకం కట్టారు. వాళ్లదీ ఒకప్పుడు పట్టీకెక్కిన జాతే. కోర్టు ఒక కుటుంబానికి న్యాయం చెప్పింది. అదే న్యాయాన్ని నాటకం ఊరూరికీ మోసింది. సభలో కథ ఎందుకన్న పిల్లల సందేహానికి ఇదే జవాబు.

ఇక మన తుమ్మలపల్లె సంగతి. యురేనియం గని కోసం 2006లో ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అభిప్రాయ సేకరణ కూడా ఒక సభే. మైకు ఉంటుంది, పెద్దలు ఉంటారు, రాసుకునేవాళ్లు ఉంటారు. ఇప్పటి నిబంధన ప్రకారం కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. ఆ తెలుగు సారాంశం ముందే చదివి అర్థం చేసుకోకపోతే, మైకు చేతికొచ్చినా ఏం మాట్లాడతాం? కడప, కర్నూలు జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు. కాబట్టి 1996 పెసా చట్టం ఇచ్చిన గ్రామసభ బలం మనకు అందదు. 2006 అటవీ హక్కుల చట్టం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం మనకూ వర్తిస్తాయి. ఏది వర్తిస్తుందో ఏది వర్తించదో తెలుసుకోవడమే సగం బలం.

2005 సమాచార హక్కు చట్టంలో ఒక మాట ఉంది. అర్జీ తెలుగులో పెట్టవచ్చు. రాయలేనివాళ్లు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారి సాయం చేయాలి. మన ఎరుకల భాషకూ, సుగాలీల గోర్ బోలికీ సొంత లిపి లేదు. ఒకప్పుడు మన గురించి అధికారి తనకు తోచింది రాసుకున్నాడు. ఇప్పుడు మన అవ్వ చెప్పింది చెప్పినట్టు రాయడానికి అతను సాయపడాలని చట్టం అంటోంది. ఇది చిన్న మార్పు కాదు.

అందుకే మన సభలు ఇలా సాగాలి. ఒక చట్టంలోని ఒక సెక్షను చదవాలి, పక్కనే దానికి సరిపడే కథో పాటో వినాలి. పెద్దల జ్ఞాపకాలు పిల్లలు రాసుకోవాలి. బంజారా బిడ్డ రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తండా మాట తెలుగు పుస్తకమై నిలిచింది. ఎరుకల, యానాది, చెంచు గుడిసెల మాట ఇంకా రావలసి ఉంది. పోలీసు పట్టీలో మన పేరు ఉంది, మాట లేదు. రాబోయే పుస్తకాల్లో రెండూ ఉండాలి. ఆ పని బడి పిల్లలతోనూ వాళ్లకు కలం పట్టించే మనతోనూ మొదలు కావాలి.