78 అడుగుల యుద్ధభూమి

యుద్ధభూమి అనగానే మన కళ్ళముందు మెదిలేది కురుక్షేత్రం. పద్ధెనిమిది అక్షౌహిణులు, రథాలు, ఏనుగులు, కనుచూపు మేర మైదానం! కానీ 1944లో రెండవ ప్రపంచ యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరాటాల్లో ఒకటి ఎక్కడ జరిగిందో తెలుసా? టెన్నిస్ కోర్టులో. ఈ చివరి నుంచి ఆ చివరికి 78 అడుగులు. ఓ మాదిరి పెళ్ళిపందిరి వేస్తే నిండిపోయేటంత జాగా.

ఆ కోర్టు నాగాలాండ్ రాజధాని కోహిమాలో ఉంది. కిందటి నవంబరులో మావారూ నేనూ దీమాపూర్‌లో రైలు దిగి, టాక్సీ మాట్లాడుకుని, డెబ్భై నాలుగు కిలోమీటర్ల కొండదారి ఎక్కి వెళ్ళాం. ఊరి నడిబొడ్డున గారిసన్ హిల్ అనే కొండవాలు మీద సైనికుల శ్మశానవాటిక. శ్మశానం అన్న మాటే గానీ, చూస్తే తోట. మెట్లు మెట్లుగా పచ్చగడ్డి, వరసల మధ్య పూలమొక్కలు, చిన్న చిన్న రాతి దిమ్మెల మీద కంచు పలకలు. మొత్తం 1,420 సమాధులు.

ఆ దారి మన తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. మన పెద్దవాళ్ళు రంగూన్‌ని 'రంగం' అనేవారు గుర్తుందా? కోస్తా జిల్లాల నుంచి పొట్ట చేత్తో పట్టుకుని ఎంతమంది రంగం వెళ్ళారో! 1942లో జపాను వాళ్ళు బర్మా ఆక్రమించినప్పుడు అందులో వేలమంది పిల్లాజెల్లాతో కాలినడకన వెనక్కి బయలుదేరారు. మణిపూర్ కొండలు దాటి వచ్చినవాళ్ళు ఇంఫాల్, కోహిమాల మీదుగానే దీమాపూర్ రైలుకి చేరారు. చేరనివాళ్ళు దారిలోనే రాలిపోయారు.

రెండేళ్ళకి అదే దారి కోసం యుద్ధం వచ్చింది. ఇంఫాల్‌లో ఉన్న సైన్యానికి తిండీ గుళ్ళూ అందాలంటే దీమాపూర్ నుంచి ఈ రోడ్డు మీదే రావాలి. కోహిమా పట్టుకుంటే గొంతు పట్టుకున్నట్టే. 1944 ఏప్రిల్ మొదటి వారంలో సేనాని సాటో నాయకత్వాన దాదాపు 15,000 మంది జపాను సైనికులు కొండలెక్కి వచ్చిపడ్డారు. కోహిమాలో ఉన్నది సుమారు 2,500 మంది. అందులోనూ వెయ్యిమంది దాకా ఆయుధం పట్టనివాళ్ళు.

ముట్టడి సుమారు రెండు వారాలు సాగింది. నీటి ఊట శత్రువుల చేతిలో పడితే, ఉన్న కాసిని నీళ్ళూ కొలిచి పంచుకున్నారు. కుళాయి ఒక పూట రాకపోతే మనం ఎంత గోల చేస్తామో తలుచుకోండి! గాయపడినవాళ్ళు కందకాల్లో పడుకునే మళ్ళీ గాయపడ్డారు. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి ఇటు వీళ్ళు, అటు వాళ్ళు. బంతులు ఎగరాల్సిన చోట చేతిబాంబులు ఎగిరాయి. ఏప్రిల్ 18న సహాయక దళాలు చేరుకున్నా ఆ కోర్టు మాత్రం మే 13 దాకా చేజిక్కలేదు. ఆ రోజు ఒక ట్యాంకుని కొండ మీదికి లాక్కొచ్చి పేల్చారు. ఇప్పుడు ఆ బంగళా లేదు. కోర్టు గీతలు మాత్రం తెల్లగా అలాగే ఉంచారు. పక్కనే ఒక చెర్రీ చెట్టు. జపాను తుపాకివాళ్ళు పొంచి కూర్చున్న చెట్టు యుద్ధంలో మోడైపోతే, ఆ మోడు నుంచే మళ్ళీ చిగిర్చిందని ఫలకం మీద రాసి ఉంది.

జపాను వాళ్ళ కష్టమూ తక్కువది కాదు. మూడు వారాల తిండి మాత్రమే వెంట తెచ్చుకున్నారు. వెనకనుంచి ఏమీ రాలేదు. వాన మాత్రం వచ్చింది. పైవాళ్ళ ఆజ్ఞని కాదని, మే నెలాఖరున సాటో తన మనుషుల్ని వెనక్కి మళ్ళించాడు. పదవి పోయింది. జూన్ 22న రోడ్డు తెరుచుకుంది. అప్పటికి ఇటు సుమారు 4,000 మంది, అటు 5,000 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, కనిపించకుండా పోవడమో జరిగింది.

"ఇంతా చేసి ఇది ఇంగ్లీషువాడి యుద్ధమే కదా! అప్పుడు మన నాయకులంతా జైళ్ళలో ఉన్నారు" అన్నారు మావారు. నిజమే. పైగా జపాను వాళ్ళతోపాటు నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు కూడా ఈ సరిహద్దుకి వచ్చింది. ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగరేసింది. అంటే అటూ మన పిల్లలే, ఇటూ మన పిల్లలే! ఎవరిది దేశభక్తి, ఎవరిది జీతం అని తూకం వెయ్యబోతే నాకు చెయ్యి ఆడలేదు. ఆ యుద్ధంలో భారత సైన్యంలో చేరినవాళ్ళు పాతిక లక్షలు. ఇంట్లో నాలుగు మెతుకుల కోసం వెళ్ళినవాళ్ళెందరో! మనియార్డరు కోసం ఎదురుచూసిన తల్లికి టెలిగ్రాం వచ్చినప్పుడు అది ఎవరి యుద్ధమని ఆవిడ అడిగి ఉంటుందా?

టాక్సీ అబ్బాయి అంగామీ నాగా కుర్రాడు. "ఇక్కడ మావాళ్ళూ పోయారమ్మా. మా ఊళ్ళు కాలిపోయాయి. మా నాయనమ్మ వాళ్ళు అడవిలో దాక్కున్నారట" అన్నాడు హిందీలో. దారి చూపించిందీ, మందుగుండు మోసిందీ, గాయపడినవాళ్ళని భుజాల మీద దించిందీ నాగాలే. తరవాత చాలా ఏళ్ళకి ఆ ఋణం తలుచుకుని, అక్కడ పోరాడిన బ్రిటిష్ సైనికులు నాగా పిల్లల చదువుకోసం ఒక నిధి పెట్టారు.

వీరుల్ని తలుచుకోవడం మనకీ తెలుసు. కారెంపూడిలో పల్నాటి వీరులకి ఏటేటా ఉత్సవం చేస్తాం కదా! అక్కడ బ్రహ్మనాయుడూ, బాలచంద్రుడూ పేరు పేరునా గుర్తుంటారు. కోహిమాలో మన సిపాయిల్ని తలుచుకోవాలంటే పైదాకా ఎక్కాలి. హిందువుల్నీ, సిక్కుల్నీ దహనం చేశారు గనక వాళ్ళకి సమాధులు లేవు, పూలమొక్కలూ లేవు. 917 మంది పేర్లు స్మారకం మీద చెక్కి పెట్టారు. వచ్చినవాళ్ళు చాలామంది టెన్నిస్ కోర్టు చూసి దిగిపోతున్నారు.

మీరెప్పుడైనా వెళితే ఇంకాస్త పైకి ఎక్కండి. అన్ని పేర్లూ చదవలేం. ఒక్క వరసైనా పైకి చదవండి. ఇంట్లో అమ్మ పిలిచిన పేర్లవి.