స్త్రీల బియ్యం

సంఘ చరిత్ర అనగానే మనం ముందు వెతికేది గురువుల వరుస. ఎవరి కాలంలో పునాది పడింది, ఎవరి కాలంలో గంట వచ్చింది, ప్రతిష్ఠకు ఏ బిషప్పుగారు వచ్చారు. ఈ జూబిలీ సంచికలో అవన్నీ తెలిసినవాళ్లు రాస్తున్నారు, రాయాలి కూడా. నేను రాసేది గుడి లెక్కల పుస్తకంలో ఏటా కనిపించే ఒకే ఒక్క పద్దు గురించి. ‘స్త్రీల బియ్యం’ అని ఉంటుంది. పక్కన ఇన్ని కుంచాలు, అమ్మగా ఇంత రొక్కం. ఎవరింటి బియ్యమో ఎక్కడా ఉండదు. వాటిలో మా నాయనమ్మవీ ఉన్నాయి.

మనది దోర్నకల్ అధ్యక్ష మండలం. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఎంత పేద సంఘమైనా తన గురువును తానే పోషించుకోవాలని, మిషన్ సొమ్ము కోసం చేయి చాచకూడదని ఆయన పట్టుదల. అప్పటి మన సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ వాడల వాళ్లు. కూలి గింజల్లో వచ్చేది, చేతిలో పైసా ఆడేది కాదు. మరి కానుక ఎక్కణ్నుంచి రావాలి? వంటింట్లోంచి వచ్చింది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఓ పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటు ఈ మండలమంతా పల్లె పల్లెకూ పాకింది. ఉపదేశి జీతానికీ, గుడి కప్పుకీ ఆ పిడికెళ్లు కూడా పోగయ్యాయి.

మా ఇంట్లో దాన్ని దేవుని కుండ అనేవాళ్లు. పొయ్యికి ఎడంపక్క, ఉప్పు కుండ అవతల ఉండేది. నాయనమ్మ తవ్వతో బియ్యం కొలిచి చేటలో పోసి చెరిగేది. వడ్లగింజలు, మట్టిబెడ్డలు ఒక్కొక్కటీ ఏరేది. అంతా అయ్యాకే పిడికెడు తీసేది. ముందే తీసేస్తే పని తగ్గుతుంది కదా అని మా మేనత్త ఒకసారి అంటే, “దేవుడి పాలుకు రాళ్లు పోస్తామా?” అంది. జొన్నలు వండుకున్న రోజుల్లో ఆ కుండలో జొన్నలే పడేవి. శనివారం సాయంత్రం ఆడవాళ్లంతా ఎవరి కుండ వాళ్లు తెచ్చి గుడి అరుగు మీద కుంచంతో కొలిచి, ఒకటే గోనెలో పోసేవాళ్లు. గోనెలో పడ్డాక ఏ గింజలు ఎవరివో చెప్పలేం కాబట్టే పుస్తకంలో పేర్లు లేవు.

వానలు పడని ఓ ఏడు తాత అడ్డం చెప్పాడట. ఇంట్లో పిల్లలకే చాలడం లేదు, ఈ ఒక్క ఏడూ ఆపమన్నాడట. “నా ముద్దలోది తీస్తున్నా, వాళ్ల ముద్దలోది కాదు” అందట నాయనమ్మ. ఈ మాట మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చాలాకాలం గొప్పగానే చెప్పాను. ఇప్పుడు చెబుతుంటే గొంతు పట్టేస్తుంది. పొద్దంతా పొలంలో వంగి పనిచేసి, ఇంటిల్లిపాదికీ పెట్టి, చివర అడుగు మిగిలితే తినే మనిషి ఆమె. ఆ పిడికెడు నిజంగానే ఆమె పళ్లెంలోంచి పోయింది. సంఘం స్వయంపోషకమైందని మనం రాసుకునే వాక్యం వెనక ఇలాంటి ఆడవాళ్ల ఆకలి ఉంది. అది కూడా రాయాలి.

ఆమెకు చదువు రాదు. బాప్తిస్మానికి ముందు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు పెద్దవాళ్లకు నోటికి నేర్పేవాళ్లు. కూలికి పోయి వచ్చాక, రాత్రి దీపం ముందు, ఉపదేశి ఒక్కో ముక్క చెబితే వీళ్లు తిప్పి చెప్పడం. నాయనమ్మ అలాగే నేర్చుకుంది, చివరిదాకా ఒక్క ముక్క మరిచిపోలేదు. ఇక పాటలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) వంటి కవులు మన రాగాల్లోనే కట్టిన పాటలు కాబట్టి, అక్షరం రానివాళ్లకు కూడా నాలుక మీద నిలిచాయి. నాట్ల రోజుల్లో ఆమె మడిలో వంగి పల్లవి ఎత్తుకుంటే వరసలో ఉన్న ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. వాళ్లలో గుడికి రానివాళ్లూ ఉండేవాళ్లు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ తర్వాత మన ఆడవాళ్ల కూడికకు స్త్రీల మైత్రి అనే పేరు వచ్చింది. పేరు మారినా పిడికెడు ఆగలేదు.

కోతపండుగ నాడు నాయనమ్మను చూడాలి. కళ్లంలో రాశి కొలిచేటప్పుడే పది కుంచాలకు ఒక కుంచం పక్కకు పోసేది. తొలిగా కోసిన వరి పనను మాత్రం తానే నెత్తిన పెట్టుకుని గుడికి నడిచేది. ఆరాధన అయ్యాక కానుకల వేలం. గుమ్మడికాయలు, కోడిగుడ్లు, ములక్కాడల కట్టలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. ఎవరో ముసలమ్మ తెచ్చిన నాలుగు వంకాయలకు పాట రాకపోతే ఆమె చిన్నబుచ్చుకుంటుందని నాయనమ్మ పాట పెంచేది. మా పెరట్లో వంకాయలు విరగ్గాసి ఉన్నా సరే. తాత పక్కకు చూసి నవ్వుకునేవాడు.

ఇప్పుడు బియ్యం బదులు కవర్లలో నోట్లు వేస్తున్నాం. వరికోత మిషన్లు వచ్చాక నెత్తిన పెట్టుకోవడానికి పన దొరకడమే కష్టం. వేలం మాత్రం సాగుతోంది. సంఘ పెద్దలకు నాదొక విన్నపం. ఆ కుండలు మోసుకొచ్చిన తరంలో కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. అరుగు మీద తమ పక్కన ఎవరెవరు కూర్చునేవాళ్లో వాళ్లకు గుర్తుంది. ఈ క్రిస్మస్ లోపల స్త్రీల మైత్రి సభ్యులు ఇంటింటికీ వెళ్లి ఆ పేర్లు అడిగి రాయించాలి. గురువుల పేర్లున్న పలక పక్కన గోడ మీద ఇంకా చోటుంది.