హాలీ నోటు

గోదావరికి ఈవల బూర్గంపాడు నిజాము రాజ్యము. ఆవల భద్రాచలము ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోనిది. రేవు దాటిన యాత్రికునకు రాజ్యముతోపాటు రూపాయియు మారెడిది. ఆరు కలదారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు సమానము.

1918లో నిజాము ప్రభుత్వము కాగితపు నోట్లను వెలువరించెను. ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము నెలకొన్నదియు ఆ యేడే. విద్యాలయమున బోధనాభాష కాజాలని తెలుగు, ఉర్దూ, ఆంగ్ల, మరాఠీ, కన్నడములతో కూడి నోటుపై మాత్రము నిలిచెను. రైతు గుర్తింపనిదే నోటు చెల్లదు గదా!

పిదప హాలీ చెలామణి అంతరించెను. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరెను. రేవున రెండు రాజ్యముల గుర్తు చెరిగెను.

దేశదేశముల నోట్లు సేకరించువారు నేడు హాలీ నోటును అపురూపముగా దాచుచున్నారు. మన పెట్టెల అడుగున అట్టిది కానవచ్చినచో, చెల్లని కాగితమని చింపక గ్రంథాలయమున భద్రపరచుట మన విధి.