జేబు లోపలి పేరు

పాత కౌబాయ్ కోటు చేతికందితే, తెలిసిన సేకర్త ముందు దాని మీది గులాబీలనూ తళుకు రాళ్లనూ చూడడు. కోటు విప్పి లోపలి జేబు వెతుకుతాడు. అక్కడ చిన్న గుడ్డముక్క కుట్టి ఉండాలి. దాని మీద దర్జీ పేరు, ఊరు ఉంటాయి. అదృష్టముంటే ఎవరి కోసం కుట్టారో ఆ పేరు కూడా దొరుకుతుంది. దారాలు తెగి ఆ ముక్క ఊడిపోయిన కోటును చూస్తే, మొదటి పేజీ చిరిగిన పాత పుస్తకం చూసినంత దిగులేస్తుంది.

ఎక్కువమంది వెతికేది న్యూడీ కోన్ లేబుల్. కీవ్‌లో 1902లో పుట్టినప్పుడు ఆయన పేరు నూటా కోట్ల్యారెంకో. యూదుల మీద దాడులు సాగుతున్న కాలమది. పదకొండేళ్ల వయసులో ఆయన్ని అన్నతో పాటు అమెరికా పంపేశారు. న్యూయార్క్‌లో రంగస్థలం మీద నాట్యం చేసే ఆడవాళ్లకు దుస్తులు కుట్టి, 1940ల మొదట్లో కాలిఫోర్నియా చేరాడు. చేతిలో పనితనముంది, మిషను లేదు. 1947లో గాయకుడు టెక్స్ విలియమ్స్ తన గుర్రాన్ని అమ్మి ఆ డబ్బుతో మిషను కొనిచ్చాడు. పదేళ్లు తిరిగేసరికి ఎల్విస్ ప్రెస్లీ బంగారు రంగు సూటు న్యూడీ దుకాణంలోనే తయారైంది. లేబుల్ మీద మొదట్లో బట్టల్లేని కౌబాయ్ పిల్ల బొమ్మ ఉండేది. 1960లలో ఆ పిల్లకు దుస్తులు వేశారు. సూటు ఏ కాలానిదో పోల్చుకోవడానికి ఇప్పుడు ఆ బొమ్మే ఆనవాలు.

న్యూడీ ఒక్కడే కాదు. మిన్స్క్ ప్రాంతం నుంచి వచ్చిన నాథన్ టర్క్ లాస్ ఏంజిలిస్ దగ్గర దుకాణం పెట్టి, ‘మాడక్స్ బ్రదర్స్ అండ్ రోజ్’ సంగీత బృందాన్ని పూలతోటలా ముస్తాబు చేశాడు. ఫిలడెల్ఫియాలో ‘రోడియో బెన్’గా పేరుపడ్డ బెర్నార్డ్ లిక్టెన్‌స్టయిన్ పోలండ్‌లోని వూచ్ నుంచి వచ్చినవాడు. 1947 నాటి రాంగ్లర్ జీన్స్ రూపకల్పన ఆయనదే. జీను గీరుకుపోకుండా రివెట్లను చదునుగా పెట్టించాడు. ముగ్గురూ తూర్పు యూరప్ యూదులే. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో మన తెరకూ ఎక్కిన ఆ కౌబాయ్ వేషాన్ని అచ్చమైన అమెరికా సొత్తు అనుకుంటాం. దాన్ని అంత సింగారించి నిలబెట్టింది ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన ఈ దర్జీలే. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే.

వాళ్ల పనితనం తెలియాలంటే కోటును తిరగేయాలి. ఆనాటి ఎంబ్రాయిడరీ గొలుసుకుట్టు. మిషను బల్ల కింద ఒక పిడి ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పుతూ, సూది ఎటు నడవాలో కుట్టేవాళ్లే నడిపిస్తారు. పైన చిన్న చిన్న ఉచ్చులు ఒకదాన్నొకటి పట్టుకుని వరుసగా వస్తాయి, అడుగున మామూలు దారపు గీత కనిపిస్తుంది. మన మగ్గం వర్క్‌లో ఆరీ సూదితో వేసేదీ ఈ కుట్టే. పెళ్లి జాకెట్టు తిరగేసి చూసిన ఏ ఆడపిల్లకైనా ఇది తెలుసు. చివరి కొస సరిగా ముడి పడకపోతే, లాగితే చాలు, రేకంతా ఊడి వచ్చేస్తుంది. ఇప్పటి కంప్యూటర్ ఎంబ్రాయిడరీకైతే వెనకవైపు బాబిన్ దారం, తరచుగా తెల్లది, కనబడుతుంది. నకలును పట్టించేది అదే.

ఆ పనితనం తర్వాతి తరానికీ అందింది. 1969లో గ్రామ్ పార్సన్స్ అనే యువగాయకుడు తొడుక్కున్న తెల్లసూటు మీద నల్లమందు పూలు, గంజాయి ఆకులు, మాత్రలు, వీపున పెద్ద శిలువ. దాన్ని తీర్చిన మాన్యుయెల్ క్వేవస్ 1933లో మెక్సికోలో పుట్టాడు, న్యూడీ దగ్గర పనిచేశాడు. ఆ సూటు నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరింది. నాష్‌విల్‌లోనే దుకాణం పెట్టుకున్న మాన్యుయెల్‌కు 2018లో జాతీయ వారసత్వ పురస్కారం దక్కింది.

సూట్లు మ్యూజియాలకూ వేలాలకూ పోతాయి. కౌబాయ్ సినిమాల నటుడు రాయ్ రోజర్స్ సామగ్రిని 2010లో న్యూయార్క్‌లో వేలం వేస్తే, చర్మాన్ని నమూనా మీద తొడిగి నిలబెట్టిన ఆయన గుర్రం ట్రిగ్గర్ ఒక్కటే 2,66,500 డాలర్లు పలికింది. మామూలు సేకర్తకు దొరికేవి విజిటింగ్ కార్డులు, కేటలాగులు, దుకాణం పేరచ్చు వేసిన పెట్టెలు, పెన్సిల్‌తో గీసిన డిజైన్ కాగితాలు. ముందు చెత్తబుట్టలోకి పోయేవీ ఇవే. న్యూడీ 1984లో పోయాడు. భార్య బాబీ పదేళ్లు నడిపి 1994లో దుకాణం మూసేసింది. అలాంటి రోజున గుమస్తా బల్ల సొరుగు దులిపిన చేతికి ఆ కాగితాల విలువ తెలియదు. కుట్టినవాళ్ల గీత, కొలత, చేతిరాత ఉండేది మాత్రం వాటిలోనే.

వీటిలో నా మనసు దోచింది న్యూడీ డాలర్. నోటు మీది వాషింగ్టన్ ముఖంపై తన ఫొటో స్టిక్కర్ అంటించి, ఆయన వచ్చినవాళ్లకు పంచేవాడు. చూసి విసుగొస్తే స్టిక్కర్ పీకేసి నోటు ఖర్చుపెట్టుకోవచ్చు. ఇవాళ సేకర్తల దగ్గర ఉన్నవన్నీ, పీకడానికి ఎవరికీ మనసొప్పని నోట్లు.