చత్వారం, శుక్లం, పలక: పశ్చిమ ప్రకాశంలో దృష్టిలోపాల చికిత్సా చరిత్ర

ఉపోద్ఘాతం

వయస్సు పైబడినప్పుడు దగ్గరి చూపు మందగించడాన్ని తెలుగులో ‘చత్వారం’ అంటారు. నలభై అనే అర్థమున్న ‘చత్వారింశత్’ అనే సంస్కృత పదం దీనికి మూలం. లక్షణాన్ని బట్టి గాక, అది తలెత్తే వయస్సును బట్టి పెట్టిన పేరు ఇది. ఈ విషయంలో ఆధునిక నేత్రవైద్యం కొత్తగా దిద్దవలసినదేమీ లేదు. కంటిలోని కటకం సాగే గుణాన్ని కోల్పోయి, చదువుకొనే దూరంలోని అక్షరాలపై నిలవలేకపోవడం సుమారు నలభయ్యో ఏట మొదలవుతుంది. ఇంత కచ్చితంగా గుర్తించిన లోపానికి ఒక జత కుంభాకార కటకాలు చాలు. అయినా మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల చరిత్రను పరిశీలిస్తే, ప్రజారోగ్య వ్యవస్థ లెక్కలోకి అన్నిటికంటె ఆలస్యంగా వచ్చిన కంటి చికిత్స కళ్ళజోడే అని తెలుస్తుంది. తేలికైన చికిత్స చివరికి రావడానికి గల కారణాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

పేర్లలో కనిపించే వైద్యం

కంటి జబ్బులకు తెలుగులో ఉన్న పేర్లు చాలావరకు చూసినవారు పెట్టినవే. నల్లగుడ్డుపై తెల్లని మచ్చ ఏర్పడితే ‘పువ్వు’, కటకం మసకబారి కనుపాప తెల్లగా కనిపిస్తే ‘శుక్లం’, పొద్దు గూకగానే చూపు ఆగిపోతే ‘రేచీకటి’. వీటిలో శుక్లం, పువ్వు ఎదుటివారికి కనిపించేవి. రేచీకటి నడక తడబాటులో బయటపడుతుంది. దూరపు చూపు లోపం మాత్రం ఎవరికీ కనిపించదు. అది ఉన్నవారికే అది లోపమని తెలియదు. లోకమంతా అంతే మసకగా ఉంటుందని అనుకుంటారు. ‘హ్రస్వదృష్టి’ అనే మాట పాఠ్యపుస్తకాల వెంట వచ్చిందే తప్ప పల్లె వాడుకలోనిది కాదు. పేరు లేని జబ్బుకు ఎవరూ వైద్యం వెతుక్కోరు.

ఇంటి వైద్యం విషయానికి వస్తే, కంటి మంటకు నందివర్ధనం పూలు, నలుసు పడితే తల్లిపాల చుక్కలు, అరగదీసిన చిల్లగింజ, కాటుక వంటివి తెలుగునాట అంతటా వాడుకలో ఉన్నవే. పొన్నగంటి కూరను ‘పోయిన కంటి కూర’గా జనం వ్యుత్పత్తి చెప్పుకోవడమూ ప్రసిద్ధమే. ఆకుకూరల్లోని కెరోటిన్ శరీరంలో ఎ విటమిన్‌గా మారుతుంది కనుక రేచీకటి విషయంలో ఈ నమ్మకానికి ఆధారం ఉంది. అయితే పొన్నగంటి నీటి తడి ఉన్నచోట పెరిగే మొక్క. నల్లమల తూర్పు వాలున ఉన్న ఈ మెట్ట తాలూకాలలో కరవు వచ్చినప్పుడు మొదట మాయమయ్యేది ఆకుకూరే. 1876–78 నాటి మహాక్షామంలో కర్నూలు జిల్లా దారుణంగా దెబ్బతిన్నది. మార్కాపురం, కంభం అప్పుడు ఆ జిల్లాలోనివే. మందు ఎక్కువగా కావలసిన ఏడాదే మందు దొరకని పరిస్థితి ఇది. పెరటి వైద్యానికి ఉన్న ఈ పరిమితి దాటడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా, చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల ఎ విటమిన్ ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది.

సూది వైద్యం, దానిపై వచ్చిన తీర్పు

శుక్లానికి సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో శస్త్రచికిత్స ఉంది. కఫజ లింగనాశంలో శలాకతో కంటిని పొడిచి, మసకబారిన భాగాన్ని చూపుకు అడ్డు లేకుండా తొలగించడం దాని సారం. తరువాతి కాలంలో ఊరూరా తిరిగే వైద్యులు సూదితో కటకాన్ని కంటి లోపలికి దింపివేసేవారు. కటకం బయటికి రాదు. కిందికి జారి కనుపాపకు దారి వదులుతుంది. రోగికి ఆ క్షణంలోనే వెలుతురు కనిపిస్తుంది, ఎదుటివారి వేళ్ళు లెక్కపెట్టగలుగుతాడు. వైద్యుడు సంభావన తీసుకొని మరో ఊరికి వెళ్ళిపోతాడు. చీము పట్టడం, కంటి లోపలి ఒత్తిడి పెరగడం వంటి చిక్కులు ఆ తరువాత రోజుల్లోనో నెలల్లోనో వస్తాయి.

ఈ పద్ధతిపై విస్తృతంగా రాసినవారు మద్రాసు ప్రభుత్వ నేత్ర వైద్యశాల అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్. 1819లో స్థాపితమైన ఆ వైద్యశాల ప్రపంచంలోని తొలి కంటి ఆసుపత్రులలో ఒకటి. ఎలియట్ 1917లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో, సూది వైద్యం వల్ల చెడిపోయిన కళ్ళను ఒక్కొక్కటిగా వర్ణించి ఆ పద్ధతి ప్రమాదకరమని నిరూపించారు. వైద్యపరంగా ఆ తీర్పును కాదనడానికి లేదు. చరిత్ర దృష్టితో చూసినప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఆసుపత్రికి వచ్చినవి చెడిన కళ్ళు. బాగుపడినవాడు కంభం నుంచి మద్రాసుకు ఎందుకు వెళ్తాడు? అదీగాక, ఆసుపత్రి శస్త్రచికిత్స ఎంత మేలైనదైనా అది మద్రాసులో ఉంది. సూది వైద్యుడు గుమ్మం ముందుకు వచ్చేవాడు. పల్లెవాసి ఎంపికను అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ ఎంపిక అర్థం కాదు.

కొండకు ఇటూ అటూ

ఆ దూరానికి పాలనాపరమైన కారణం కూడా ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు దీర్ఘకాలం కర్నూలు జిల్లాలో ఉన్నాయి. జిల్లా కేంద్రానికీ ఈ తాలూకాలకూ నడుమ నల్లమల అడ్డం. 19వ శతాబ్ది చివరి దశకాలలో అడవిని చీల్చుకుంటూ వచ్చిన మీటరు గేజి రైలు మార్గం నంద్యాలను గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండల మీదుగా గుంటూరు వైపు కలిపింది. రోగుల ప్రయాణ దిశ చాలావరకు ఈ దారి నిర్ణయించిందే. గిద్దలూరు వారు పడమటికి నంద్యాల, కర్నూలు. మార్కాపురం వారు తూర్పుకు గుంటూరు. గుంటూరులో 1946లో, కర్నూలులో 1957లో వైద్య కళాశాలలు వచ్చాక పెద్ద కంటి చికిత్సకు ఈ రెండు ఊళ్ళే దిక్కయ్యాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మారినప్పుడు, కర్నూలు నుంచి విడివడిన ఈ తాలూకాలకు కొత్త కేంద్రం ఒంగోలు అయింది. కాని అక్కడ వైద్య కళాశాల రావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. జిల్లా మారినా వైద్యం కోసం పాత దారులు పట్టక తప్పలేదు.

పలక, బలపం, చూపు

మార్కాపురం పేరు దేశమంతటా వినిపించింది పలకల వల్ల. ఇక్కడి గనుల రాయి పొరలుగా చీలుతుంది. ఆ పొరలను చీల్చి, అంచులు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించిన పలకలు తరతరాల పిల్లల చేతికి వెళ్ళాయి. దృష్టిలోపాల చరిత్రలో ఈ వస్తువుకు విచిత్రమైన స్థానం ఉంది.

జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో హెర్మన్ కోన్ అనే వైద్యుడు 10,060 మంది విద్యార్థుల కళ్ళను పరీక్షించి 1867లో ఫలితాలు ప్రకటించారు. పై తరగతులకు వెళ్ళే కొద్దీ హ్రస్వదృష్టి పెరుగుతున్నదని ఆయన చూపించారు. ఆ తరువాత ఐరోపాలో సాగిన పాఠశాల ఆరోగ్య చర్చలో పలక కూడా ముద్దాయిగా నిలబడింది. నల్లని రాయిపై బూడిదరంగు గీత, తెల్లని కాగితంపై నల్లని సిరా గీత అంత స్పష్టంగా ఉండదు. అందువల్ల పిల్లవాడు మరింత వంగి చూస్తాడు. వంగి చూడడం చూపును చెడగొడుతుంది అన్నది వాదం. నేడు ఈ వాదానికి పెద్ద బలం లేదు. దీర్ఘకాలం దగ్గరి పని చేయడం, ఆరుబయట పగటి వెలుతురులో గడిపే సమయం తగ్గడం హ్రస్వదృష్టికి దోహదం చేస్తాయని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. చెట్టు కింద కూర్చొని ఓనమాలు దిద్దిన పిల్లవాడికి పలక వల్ల చూపు పోయి ఉండే అవకాశం స్వల్పం.

పలక చేసిన పని మరొకటి. అది లోపాన్ని కలిగించలేదు గాని దాచింది. హ్రస్వదృష్టి ఉన్న పిల్లవాడికి జానెడు దూరంలోని పలక చక్కగానే కనిపిస్తుంది. నాలుగు బారల దూరంలోని నల్లబల్ల కనిపించదు. పలకపైనే చదువంతా నడిచే చిన్న తరగతులలో అతడు అందరివలె చదువుతాడు. నల్లబల్ల ముఖ్యమయ్యే తరగతులకు వచ్చేసరికి వెనకబడతాడు, మొద్దు అనిపించుకుంటాడు, కొన్నాళ్ళకు బడి మానేస్తాడు. ఎందుకు మానేశాడో కుటుంబానికి తెలియదు, ఉపాధ్యాయునికీ తెలియదు. దేశానికి పలకలు పంపిన ఊరి చుట్టుపక్కల బళ్ళలోనూ ఇందుకు మినహాయింపు ఉండి ఉంటుందని భావించడానికి కారణం లేదు.

కళ్ళజోడు లెక్కలోకి వచ్చిన తీరు

కళ్ళజోడు ఈ నేలకు కొత్తది కాదు. విజయనగర కాలపు గురువు వ్యాసరాయలు గ్రంథపఠనానికి కళ్ళజోడు వాడినట్లు సోమనాథకవి ‘వ్యాసయోగిచరితం’ ఆధారంగా పి.కె. గోడే చూపించారు. పోర్చుగీసువారి ద్వారా అది వచ్చి ఉంటుందని పండితుల ఊహ. అదే శ్రీకృష్ణదేవరాయల కాలంలో కంభం చెరువును వరదరాజమ్మ కట్టించిందని ప్రసిద్ధి. చెరువు పల్లెకు అందింది. కళ్ళజోడు గ్రంథం చదివేవారి దగ్గరే ఆగిపోయింది. చదువుతో దానికి ఏర్పడిన ఈ ముడి వల్ల, అక్షరం రానివారికి కళ్ళజోడుతో పని లేదన్న భావన బలపడింది. సూదిలో దారం ఎక్కించడానికీ, బియ్యంలో రాళ్ళు ఏరడానికీ, పలక అంచు సరిచూడడానికీ దగ్గరి చూపే కావాలన్న సంగతి మరుగున పడింది.

స్వాతంత్ర్యానంతర కార్యక్రమాలు కూడా శుక్లం వైపే మొగ్గాయి. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమానికీ, 1994 నుంచి 2002 వరకు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన పథకానికీ శుక్లం శస్త్రచికిత్సల సంఖ్యే ప్రధాన కొలమానం. అందులో తప్పేమీ లేదు. చూపు పూర్తిగా పోయినవారే ముందు. పైగా ఈ కాలంలో చికిత్స స్వభావమే మారింది. పాత పద్ధతిలో కటకాన్ని తీసివేశాక రోగి దళసరి అద్దాలపై ఆధారపడేవాడు. అవి వస్తువులను పెద్దవిగా చూపేవి, పక్కచూపును తగ్గించేవి. పగిలితే మళ్ళీ చీకటే. హెరాల్డ్ రిడ్లీ 1949లో లండన్‌లో తొలిసారి అమర్చిన కృత్రిమ కటకం, 1992లో మదురైలో ఆరోల్యాబ్ ప్రారంభమైన తరువాత భారతీయ పేదకు అందే ధరకు దిగివచ్చింది. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి వంటి సంస్థలు పల్లెల్లో శిబిరాలు పెట్టి, రోగులను తీసుకువెళ్ళి, ఉచితంగా శస్త్రచికిత్స చేసి తిరిగి దింపే ఏర్పాటు చేశాయి. ఒకప్పటి సూది వైద్యునికి ఉన్న బలం ఇంటి ముందుకు రావడమే. శిబిరాలు ఆ బలాన్ని గ్రహించి, దానికి భద్రతను జోడించాయి.

కళ్ళజోడు వంతు ఒక సర్వేతో వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం. అందులో 44 శాతానికి శుక్లం, 16.3 శాతానికి కళ్ళజోడుతో సరిదిద్దగల దృష్టిదోషం కారణం. అంటే గుడ్డివారుగా లెక్కకు వచ్చిన ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరికి కావలసింది అద్దాలు మాత్రమే. ఈ సర్వే హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్‌లలో జరిగింది. ప్రకాశం అందులో లేదు. అయితే నల్లమలకు, కృష్ణకు ఆవలనున్న మహబూబ్‌నగర్ వాన తక్కువ, వలస ఎక్కువ అయిన మెట్ట ప్రాంతం. పశ్చిమ ప్రకాశానికి దగ్గరి పోలిక అదే. 2002లో ప్రచురితమైన మరో అధ్యయనం ఆ జిల్లా గ్రామాలలోనే 7–15 ఏళ్ళ పిల్లలు 4,074 మందిని పరిశీలించింది. చూపు తగ్గిన కళ్ళలో 61 శాతానికి దృష్టిదోషమే కారణమని తేల్చింది. ప్రకాశం జిల్లాపై తరువాత వచ్చిన అధ్యయనాలలో చెప్పుకోదగినవి సముద్రతీర మత్స్యకారుల గురించి, చేనేత కుటుంబాల గురించి. పలకల కార్మికుల దగ్గరి చూపు కూడా అటువంటి పరిశీలనకు తగిన విషయమే.

ఎందుకంటే దగ్గరి చూపు కూలికి సంబంధించినది. అస్సాం తేయాకు తోటల్లో నలభై ఏళ్ళు దాటిన 751 మందిపై జరిపి 2018లో ప్రకటించిన ప్రయోగంలో, చవకైన దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారి పని, ఇవ్వనివారి కంటె సుమారు 21.7 శాతం ఎక్కువగా పెరిగింది. రాతి పొరను చీల్చేవారికీ, మిరపకాయలు ఏరేవారికీ, కుట్టుపని చేసేవారికీ ఈ ఫలితం వర్తించదనడానికి కారణం కనబడదు.

2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమైన వైఎస్సార్ కంటి వెలుగు రాష్ట్రంలోని అందరికీ ఆరు విడతలలో కంటి పరీక్షలు చేయాలని సంకల్పించింది. తొలి రెండు విడతలు సుమారు 70 లక్షల మంది బడిపిల్లలకు కేటాయించారు. 2020 ఫిబ్రవరి 18న, ఈ తాలూకాల పాత జిల్లా కేంద్రమైన కర్నూలులోనే మొదలైన మూడో విడత అరవై దాటిన అవ్వాతాతలకు. మరుసటి నెలలోనే కోవిడ్ వచ్చిపడింది. పిల్లవాడిని పరీక్షించడానికి బడి ఉంది, వృద్ధుని వెతకడానికి పింఛను జాబితా ఉంది. నలభైకీ అరవైకీ మధ్య ఉండి, గనిలోనో మిరప కల్లంలోనో రోజుకూలి చేసేవారిని ఒకచోట చేర్చే జాబితా ఏదీ లేదు. చత్వారం వచ్చేది ఆ వయస్సువారికే. వారిలో చాలామంది నేటికీ సంతలోనో బస్టాండు బయటో అమ్మే అద్దాలను ఒకదాని తరువాత ఒకటి పెట్టుకొని, కనబడినదాన్ని కొనుక్కుంటున్నారు. చత్వారం ఒక్కటే అయితే ఆ అద్దాలతో పని జరుగుతుంది. లోపల నీటికాసులో మధుమేహపు దెబ్బో ఉంటే, తాత్కాలికంగా కనబడిన అక్షరం ఆ జబ్బును మరి కొన్నేళ్ళు దాచిపెడుతుంది.