పడకపుండు చెప్పే సాక్ష్యం: వృద్ధుల సంరక్షణను కొలవడం ఎలా నేర్చుకున్నారు?

మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారు సొంతంగా నడిపే ఇరవై ముప్పై పడకల చిన్న ఆసుపత్రి. కాన్పుకో, ఆపరేషనుకో వెళ్ళి నాలుగు రోజులుండి ఇంటికి వచ్చేస్తాం. ఇంగ్లండు, అమెరికాలలో అదే మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఉండే నివాసం అది. చాలామందికి అదే ఆఖరి ఇల్లు. ఈ పాఠంలో ఆ రెండో అర్థాన్నే తీసుకుందాం. ఎందుకంటే అటువంటి ఇళ్ళు ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో మనకూ వచ్చాయి. పిల్లలు వేరే దేశంలో ఉండి, పక్షవాతంతో మంచాన పడిన తండ్రిని ఎక్కడ చేర్చాలా అని వెతుక్కుంటున్న కుటుంబం మీకు తెలిసినవారిలో ఒకటైనా ఉండే ఉంటుంది.

అటువంటి ఇల్లు మంచిదో కాదో ఎలా చెప్పడం? ఆసుపత్రి విషయంలో ఇది కొంత సులువు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది నయమై వెళ్ళారు అని లెక్క వేయవచ్చు. వృద్ధుల నివాసంలో ఆ లెక్క పనికిరాదు. ఎనభై అయిదేళ్ళ మనిషికి పోయిన చూపు, పడిపోయిన కాలు తిరిగి రావు. మరణం కూడా అక్కడ వైఫల్యానికి గుర్తు కాదు. నయం కావడం, చనిపోవడం రెండూ కొలమానాలు కానప్పుడు ఇక దేనిని కొలవాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ జవాబులో పెద్ద భాగం ఒక పుండు దగ్గర దొరికింది.

పడకపుండు ఎలా పుడుతుందో ముందు చూద్దాం. చర్మానికి రక్తం అందించే కేశనాళికలు అతి సన్నని గొట్టాలు. 1930లో యూజీన్ లాండిస్ అనే శాస్త్రవేత్త మనిషి గోటి మొదట ఉండే కేశనాళికలలోకి సన్నని గాజు సూదిని దించి, రక్తం ప్రవేశించే కొనలో పీడనం సగటున 32 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుందని కొలిచాడు. బయటి నుంచి అంతకు మించిన ఒత్తిడి పడితే ఆ గొట్టం నొక్కుకుపోవచ్చు. వెల్లకిలా పడుకున్న మనిషి బరువంతా వెన్ను చివరి త్రికాస్థి, మడమలు, భుజపు ఎముకల వంటి కొద్ది చోట్లనే మోపుకుంటుంది. అక్కడి ఒత్తిడి ఈ అంకెను సులువుగా దాటుతుంది. మీకూ నాకూ ఏమీ కాదు, ఎందుకంటే నిద్రలో కూడా తెలియకుండానే పక్కకు తిరుగుతూ ఉంటాం. తిరగలేనివారికి అక్కడి కండ, చర్మం రక్తం అందక చచ్చిపోతాయి. పెద్ద ఒత్తిడి కొద్దిసేపు ఉన్నా, చిన్న ఒత్తిడి చాలాసేపు ఉన్నా నష్టం కలుగుతుందని 1959లో మైకేల్ కోసియాక్ కుక్కలపై ప్రయోగాలు చేసి చూపాడు. కనుక పడకపుండు ఒక గడియారం వంటిది. ఈ మనిషిని ఎవరూ కదపకుండా ఎంతసేపు వదిలేశారో అది శరీరం మీదనే రాసి పెడుతుంది.

ఈ సంగతి ఇప్పుడు తేలికగా కనిపిస్తుంది కాని, పందొమ్మిదో శతాబ్దంలో దీని మీద గట్టి వివాదమే నడిచింది. పారిస్‌లో సాల్పెట్రియేర్ అనే విశాలమైన ఆసుపత్రి ఉండేది. వేలమంది దిక్కులేని వృద్ధ స్త్రీలు అందులో ఉండేవారు. అక్కడ పనిచేసిన మహా వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో, నరాలు, మెదడు దెబ్బతిన్నందువల్లనే ఈ పుండ్లు పుడతాయని, కొన్ని రకాల పుండ్లు మరణానికి ముందస్తు సూచన అని 1870ల నాటి ఉపన్యాసాలలో బోధించాడు. అంటే పుండు వచ్చిందంటే దోషం జబ్బుదే, చూసుకునేవారిది కాదు. అప్పటికి ఇరవై ఏళ్ళ కిందటే బ్రౌన్ సెకార్ అనే మరో శాస్త్రవేత్త వెన్నుపాము తెగిన జంతువులను శుభ్రంగా, ఒత్తిడి పడకుండా ఉంచితే పుండ్లు రావని ప్రయోగంలో చూపాడు. 1859లో వెలువడిన తన నర్సింగ్ పుస్తకంలో ఫ్లారెన్స్ నైటింగేల్ ఇంకా సూటిగా, రోగికి పడకపుండు వస్తే తప్పు సాధారణంగా రోగానిది కాదు, సేవదేనని రాసింది. అయినా షార్కో పేరుకున్న బరువు పెద్దది. పుండు తప్పదన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. తప్పదనుకున్న చోట ఎవరూ లెక్క రాయరు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ ఘట్టమే.

ఆ నమ్మకాన్ని వార్డులో నిలబడి కదిలించినవారిలో ముందుగా చెప్పుకోవలసింది మార్జొరీ వారెన్ అనే ఇంగ్లీషు వైద్యురాలిని. 1935లో లండన్ పశ్చిమాన ఉన్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, పక్కనే ఉన్న బీదల శాల రోగుల విభాగాన్ని తనలో కలుపుకుంది. దానితో 714 మంది ఆమె చేతికి వచ్చారు. చాలామంది ఏళ్ళ తరబడి మంచం దిగనివారు. ఆమె ఒక్కొక్కరినీ విడివిడిగా పరీక్షించింది. వీరిలో ఎవరు నిజంగా లేవలేరు, ఎవరిని ఎవరూ లేపనందువల్ల లేవడంలేదు అని వేరు చేసింది. మంచాలు దించి, కుర్చీలలో కూర్చోబెట్టి, నడక నేర్పించింది. కొందరు ఇళ్ళకు కూడా వెళ్ళిపోయారు. 1940లలో ఆమె రాసిన వ్యాసాలు వృద్ధుల వైద్యాన్ని ఒక ప్రత్యేక శాఖగా నిలబెట్టాయి. మంచం పట్టడం అనేది కొంతవరకు వయసు చేసేది కాదు, మంచమే చేసేది అని ఆమె పని రుజువు చేసింది.

తరువాతి అడుగు డోరీన్ నార్టన్ అనే నర్సుది. ఆమె, సహచరులు కలిసి ఆసుపత్రిలోని వృద్ధులను పరిశీలించి 1962లో నివేదిక ప్రచురించారు. అప్పట్లో పుండు రాకుండా చర్మానికి రకరకాల నూనెలు, స్పిరిట్లు, పూతలు రుద్దేవారు. మన ఇళ్ళలో ఇప్పటికీ పౌడరు చల్లుతారు కదా, అటువంటివే. పూతలవల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని, వేళ తప్పక పక్క మార్చడమే పనిచేస్తుందని ఆమె తేల్చింది. దానితో పాటు ఒక చిన్న పట్టిక తయారు చేసింది. శరీర స్థితి, మానసిక స్థితి, లేచి తిరగడం, పడకలో కదలగలగడం, మలమూత్రాల అదుపు అనే అయిదు అంశాలకు ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. మొత్తం 20. పద్నాలుగు, అంతకు తక్కువ వస్తే ఆ మనిషికి పుండు ప్రమాదం ఉన్నట్టు. ఈ పట్టిక చేసిన మేలు ఏమిటో గమనించండి. పుండ్లు ఎక్కువ ఉన్న ఇల్లు చెడ్డదని ఊరికే అనేయలేం. అక్కడ బలహీనులే ఎక్కువమంది చేరి ఉండవచ్చు. చేరిన రోజున ఎవరికి ఎంత ప్రమాదం ఉందో రాసిపెట్టుకుంటేనే, ఆ తరువాత జరిగినదానిలో జబ్బు వాటా ఎంత, సేవ వాటా ఎంత అని విడదీయగలం.

ఈ ఆలోచననే వైద్యసేవ మొత్తానికి వర్తింపజేసి ఒక సిద్ధాంతంగా చెప్పినవాడు అవెడిస్ డోనబేడియన్. బీరూట్‌లో పుట్టిన ఆర్మీనియన్, అమెరికాలో స్థిరపడ్డాడు. సేవను మూడుచోట్ల చూడవచ్చని 1966లో ఆయన రాశాడు. మొదటిది ఏర్పాట్లు: భవనం, పరికరాలు, సిబ్బంది. రెండోది జరిగే పని: పక్క మార్చారా, తినిపించారా. మూడోది ఫలితం: మనిషి ఎలా ఉన్నాడు. ఏర్పాట్లను లెక్కించడం అతి సులువు కనుక ఇన్‌స్పెక్టర్లు అక్కడే ఆగిపోతారు.

అమెరికాలో సరిగ్గా అదే జరిగింది. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం ప్రభుత్వ అనాథాశ్రమాలలో ఉండే వృద్ధులకు పింఛను ఇవ్వరాదని షరతు పెట్టడంతో ప్రైవేటు నివాసాలు పుట్టుకొచ్చాయి. 1965లో మెడికేర్, మెడికెయిడ్ పథకాలు వచ్చి ప్రభుత్వ ధనం ప్రవహించాక అవి పెద్ద వ్యాపారమయ్యాయి. తనిఖీలు ఉండేవి. తలుపుల వెడల్పు, వంటగది, రిజిస్టర్లు చూసేవారు. 1970 జనవరిలో ఒహాయో రాష్ట్రంలోని మారియెట్టాలో, పాతది కాని ఒక నర్సింగ్ హోమ్‌లో నిప్పు అంటుకుని, పొగకు 30 మందికి పైగా వృద్ధులు చనిపోయారు. కొత్త భవనమన్నంత మాత్రాన భద్రత కాదని దేశం ఉలిక్కిపడింది.

అసలు మలుపు మాత్రం ఒక కోర్టు కేసులో ఉంది. కొలరాడోలోని నర్సింగ్ హోమ్ నివాసులు 1975లో ప్రభుత్వంపై దావా వేశారు. ఒక నర్సింగ్ హోమ్‌కు మంచి సేవ చేసే సామర్థ్యం ఉందా అని మాత్రమే మీరు చూస్తున్నారు, ఆ సేవ నిజంగా చేస్తున్నదా అని చూడడంలేదు అన్నది వారి వాదన. కింది కోర్టులో ఓడారు; 1984లో అప్పీలులో గెలిచారు. చేయగలగడం, చేయడం ఈ రెంటి మధ్య ఉన్న తేడాను న్యాయస్థానం గుర్తించింది. దాదాపు అదే కాలంలో ఒక పౌరసంస్థ పలు నగరాలలో వందలాది నివాసులనే కూర్చోబెట్టి, మంచి సేవ అంటే ఏమిటని అడిగింది. వారు మొదట చెప్పింది వైద్యాన్ని గురించి కాదు, తమను చూసుకునే ఆయాలు, నర్సుల గురించి. అంతకు ముందు నివాసులను ఇలా అడగాలని తోచినవారు అరుదు!

1986లో ఒక జాతీయ నిపుణుల సంఘం నివేదిక ఇచ్చింది. సిడ్నీ కాట్జ్ దానికి అధ్యక్షుడు. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, మంచం దిగడం, మలమూత్రాల అదుపు, తినడం అనే ఆరు పనులతో వృద్ధుల శక్తిని కొలిచే పద్ధతి ఆయనదే. 1987 డిసెంబరులో చట్టం వచ్చింది. పుండు లేకుండా చేరిన మనిషికి, తప్పించలేని పరిస్థితి అయితే తప్ప, పుండు రాకూడదన్నది నిబంధన అయింది. షార్కో నాటి 'తప్పదు' అన్న మాటను ఇప్పుడు నిర్వాహకులే నిరూపించుకోవాలి. ఆయాలకు కనీసం 75 గంటల శిక్షణ, చెప్పకుండా వచ్చే తనిఖీ, నివాసులతో ముఖాముఖి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు నూటికి సుమారు 40 మందిని మంచానికో కుర్చీకో కట్టి ఉంచేవారు. తరువాతి రెండు దశాబ్దాలలో ఆ సంఖ్య పదిలోపుకు పడిపోయింది. పడిపోతారని కట్టేస్తున్నామన్నది అంతకు ముందు చెప్పిన సాకు.

ఇంతవరకు వింటే కథ సుఖాంతమైనట్టే ఉంటుంది. కాని అంకెకు బహుమతి పెడితే అంకె మారుతుంది, మనిషి మారడు. 2008 డిసెంబరు నుంచి అమెరికా ప్రభుత్వం నర్సింగ్ హోమ్‌లకు ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. తనిఖీ ఫలితం ఒక్కటే బయటివారు చూసి రాసేది. సిబ్బంది సంఖ్య, పుండ్లు, పడిపోవడాలు నర్సింగ్ హోమ్‌లే రాసి పంపేవి. ఆసుపత్రి బిల్లులతో పోల్చి చూసిన పరిశోధకులు, పడిపోయి పెద్ద గాయమైన సంఘటనలలో సుమారు 57 శాతమే నర్సింగ్ హోమ్‌ల రికార్డులలో కనిపించాయని 2020లో ప్రచురించారు. మత్తుగా ఉంచే మందుల వాడకాన్ని లెక్కించడం మొదలైంది. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి మినహాయింపు ఉండడంతో, వృద్ధాప్యంలో చాలా అరుదుగా మొదలయ్యే ఆ జబ్బు కాగితాల మీద పెరిగింది. జీతాల రికార్డుల నుంచి సిబ్బంది హాజరును తీసుకోవడం 2016లో మొదలయ్యాక, శని, ఆదివారాలలో చాలాచోట్ల మనుషులు బాగా తగ్గిపోతున్నారని బయటపడింది. ఎవరు రాసిన లెక్క అన్నది, లెక్క ఎంత అన్నంత ముఖ్యం.

మన దేశం సంగతి. 1949 నాటి బొంబాయి చట్టం మొదలు 2002 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం వరకు మన రిజిస్ట్రేషన్ చట్టాల దృష్టి ప్రధానంగా మొదటి అర్థంలోని నర్సింగ్ హోమ్‌ల మీద, అంటే ఆసుపత్రుల మీదనే ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు ఒకటి చొప్పున, కనీసం 150 మంది పేద వృద్ధులకు వసతి ఉండే ఆశ్రమాలను ప్రస్తావించింది. సంరక్షణ నివాసాలకు కనీస ప్రమాణాలు నిర్ణయించే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది కాని, ఆ సభ కాలంలో చట్టం కాలేదు. 2011 జనగణన నాటికే మనలో అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు.

కాబట్టి ప్రస్తుతానికి ఇన్‌స్పెక్టరు మీరే. హాలులోని సోఫాలు, ఏ.సి. గదులు చూపిస్తారు, అవి డోనబేడియన్ చెప్పిన మొదటి చోటు, దానిని దాటి లోపలికి వెళ్ళండి. మంచం పట్టినవారికి పక్క మార్చిన వేళలు రాసే కాగితం చూపమనండి. ఉదయం నుంచి రాత్రి దాకా వేళలన్నీ ఒకే సిరాతో, ఒకే వరుసలో రాసి ఉంటే సందేహించండి. మంచినీళ్ళ గ్లాసు చేతికి అందే దూరంలో ఉందా? గోళ్ళు తీశారా? ఆదివారం సాయంత్రం చెప్పకుండా వెళ్ళండి. రాత్రి ఎంతమంది ఆయాలు ఉంటారో మేనేజరును కాక ఆయానే అడగండి, ఇక్కడ ఎన్నాళ్ళుగా చేస్తున్నారని కూడా అడగండి. నెలకొకరు మారే చోట మీ నాన్నగారికి ఏ పక్క నొప్పో ఎవరికీ గుర్తుండదు. మరొక సంగతి: పాశ్చాత్య పుస్తకాలు పుండుకు తొలి గుర్తు ఎరుపు అంటాయి. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగ్గా తెలియదు. చుట్టుపక్కల కన్నా నల్లబడడం, ముట్టుకుంటే వేడిగానో గట్టిగానో ఉండడం గమనించాలి. మడమలు, వెన్ను చివర తప్పక చూడండి. చివరి రోజులలో ఎంత జాగ్రత్త తీసుకున్నా కొన్ని పుండ్లు వస్తాయి. ఆ సంగతి వెంటనే ఫోను చేసి చెప్పిన ఇంటిని తప్పు పట్టకండి.

చేర్చిన రోజునే సిబ్బంది ఎదుట తండ్రిగారి బరువు, చర్మం స్థితి, నార్టన్ పట్టికలోని మార్కులు ఒక కాగితం మీద రాయించి, తేదీ వేసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. నెల తిరిగాక అదే కాగితంతో వెళ్ళి, దుప్పటి తీసి చూడండి.