కొయ్యయిల్లు, దాని పదసంపద: ఆర్మూరు నుంచి ఒక పరిశీలన

ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో కామర్‌జెల్ గృహపు కొయ్యచట్రం 1589 నాటిది. అది రాజప్రాసాదం కాదు, వర్తకుని ఇల్లు. అయినా 1929లో చారిత్రక కట్టడంగా రక్షణ పొందింది. మన ప్రాంతంలో రక్షణ ఎక్కువగా గుడికీ గడికీ పరిమితమైంది. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. పసుపు పంటకు పేరొందిన ఆర్మూరు వంటి పట్టణాల భవంతి ఇళ్లకు అటువంటి ఆదరణ లేదు.

భవంతి అంటే నడుమ వాకిలి, చుట్టూ కొయ్యస్తంభాలు, వాటిపై దూలాలు, వాసాలు, గూనపెంకులు. ఆర్మూరుకు ఉత్తరాన గోదావరి దాటితే ఆదిలాబాదు టేకు సీమ. ఇల్లు విప్పితే ఆ టేకుకు కొనుగోలుదారులుంటారు. స్తంభం మరొకచోట నిలుస్తుంది. పదాల సంగతి వేరు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశ పరంపరలో వాస్తువుకు బూదరాజు రాధాకృష్ణ ప్రత్యేక సంపుటం కూర్చారు. అది అమూల్యమే. కాని ఏ కొయ్య దేనిపై కూర్చుంటుందో, ఏ సందున బిగుస్తుందో అకారాది క్రమం చూపజాలదు. నిలిచి ఉన్న ఇల్లే చూపగలదు. కనుక వడ్లవారి నోటి పదాలను ఇంటి కొలతలతో, చిత్రాలతో సహా ఇప్పుడే నమోదు చేయవలసి ఉంది.